కాన్హాలో మూడో విడత: హెచ్చరిక కేకల నోటుపుస్తకం

మధ్యప్రదేశ్‌లోని కాన్హా జాతీయ ఉద్యానానికి ఇది మా మూడో ప్రయాణం. మొదటి రెండుసార్లూ పులి కోసమే తిరిగి, మిగతా జంతువులను సరిగా చూడనేలేదు. ఈసారి నాలుగు సఫారీలలోనూ ఒకే పని పెట్టుకున్నాను: పులి లాంటి వేటజంతువును పసిగట్టి ఏ జంతువైనా అరిచే హెచ్చరిక కేక వినిపించిన ప్రతిసారీ వేళ, చోటు, అరిచిన జంతువు, కారణం తేలిందా లేదా అన్నవి రాసుకోవడం.

గోండియా స్టేషనులో దిగి, బాలాఘాట్, బైహర్ మీదుగా ముక్కి గేటుకు చేరాము. బుధవారం సాయంత్రం సఫారీ ఉండదు కనుక రోజులు చూసుకొని టికెట్లు తీసుకోవడం మంచిది. ఫిబ్రవరి తెల్లవారుజామున పైకప్పు లేని జిప్సీ జీపులో చలి ఎముకలు కొరుకుతుంది, చేతితొడుగులు తప్పనిసరి. పోయినసారి తెచ్చిన పది రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులర్‌లో బొమ్మ వణికిపోయేది. ఎనిమిది రెట్లదైతే కుదురుగా నిలుస్తోంది.

మొత్తం పదకొండు కేకలు నమోదయ్యాయి, వాటిలో నాలుగింటికే కారణం తెలిసింది. చుక్కల దుప్పి కీచుమని ఒకటి రెండుసార్లు అరిచి ఊరుకుంటే దాన్ని నమ్ముకొని పరుగెత్తనక్కర లేదని ఇప్పుడు నా అభిప్రాయం. కొండముచ్చు చెట్టుకొమ్మ మీద నుంచి చూస్తుంది కనుక అది ముఖం తిప్పిన దిక్కును గమనించాలి. కణితి, అంటే సాంబర్ జింక, మాట వేరు. రెండో ఉదయం ఒక ఆడ కణితి దారికి ఇరవై అడుగుల దూరంలో తోక నిక్కించి, రెండు చెవులనూ ఒకే వెదురు పొద వైపు నిలిపి, ముందుకాలితో నేలను తాటిస్తూ మళ్లీ మళ్లీ అరిచింది. అరిచిన ప్రతిసారీ దాని మెడ మీది వెంట్రుకలు కదలడం స్పష్టంగా కనిపించింది. గైడు ఇంజను ఆపించాడు. మిగతా జీపులు కాసేపు ఆగి వెళ్లిపోయినా మేము కదల్లేదు. ఇరవై అయిదు నిమిషాల తరువాత పొదలో ఎండుటాకులు నలిగిన చప్పుడైంది, చారల వీపు ఒకటి క్షణకాలం కనిపించి మాయమైంది. ఫొటో దక్కలేదు గాని, మూడు ప్రయాణాలలో నేను చెవితో ముందు తెలుసుకున్న పులి అదొక్కటే.

చివరి సాయంత్రం సౌంఫ్ మైదానంలో బారాసింగా జింకల కోసం గడిపాము. ఒకప్పటి ఊరు తరలిపోయిన చోట పెరిగిన గడ్డి అది. బారాసింగాలలో గట్టి నేల మీద బతికే ఇక్కడి ఉపజాతి 1970 నాటికి కాన్హాలో 66కు పడిపోయింది. కంచె వేసిన ఆవరణలో పెంచి, గడ్డినేలలను కాపాడడం వల్లనే మళ్లీ వందలలోకి పెరిగింది. మోకాలి లోతు గడ్డిలో తల ఎత్తకుండా మేస్తున్న ఆ మందను చూస్తే కడుపు నిండినట్టయింది. ఒక్కటీ అరవలేదు కనుక వాటి పేజీ ఖాళీగానే ఉంది. మగవి కొమ్ములకు గడ్డి చుట్టుకొని బిగ్గరగా కూసే శీతకాలపు జతకాలానికి, అంటే డిసెంబరు చివరికి, ముక్కి గేటుకే మళ్లీ టికెట్లు చూస్తున్నాను.