మెరుపు కిందికి

మే 24, రాత్రి

ఇవాళ మధ్యాహ్నం రెండు దాటినా మిషన్ మీది నుంచి లేవలేదు. ఈ గదిలో, ఈ నెలలో, ఇట్లా ఎన్నడూ కాలేదు. అందుకే రాసుకుంటున్నా.

హన్మకొండలో మా ఇంటి మేడ మీది రేకుల గదే నా టైలరింగ్ షాపు. 10 అడుగులకు 12 అడుగులు. ఎండాకాలం పదకొండు కొట్టిందంటే నెత్తి మీద పెనం బోర్లించినట్టే ఉంటుంది. పెళ్లి జాకెట్లన్నీ సరిగ్గా అప్పుడే వస్తాయి. చెమట చేతులతో పట్టు ముట్టుకుంటే మరక, ఫ్యాన్ వేస్తే పైనున్న వేడినే కిందికి తోస్తుంది. బాపు ఉన్నప్పుడు రేకుల మీద గోనెసంచులు పరిచి నీళ్లు చల్లేవాడు. ఇప్పుడు తాగే నీళ్లే లెక్కేసుకుని వాడుతున్నం.

పోయిన నెల రేకుల కింద కట్టే ఫాయిల్ రోల్ తెచ్చిన. ఒకవైపు అద్దంలాంటి అల్యూమినియం, ఇంకోవైపు తెల్ల ప్లాస్టిక్, నడుమ గాలి బుడగలు. ఎండ వచ్చేది పైనుంచే కదా అని మెరిసే వైపు పైకి పెట్టి, గమ్ము పూసి రేకుకే అంటించిన. వేడి ఏమంత తగ్గలేదు. నాలుగో రోజు ఒక మూల ఊడి, గమ్ముతో సహా కుట్టి మడతపెట్టిన జాకెట్ మీద పడ్డది. ఆ గుడ్డ ఖర్చు నా నెత్తినే.

మా బామ్మర్ది కాజీపేటలో వెల్డింగ్ పని చేస్తడు. వచ్చి చూసి ఒకటే నవ్వు. "సందు ఏది బావా? పెనం మీద జానెడు ఎత్తున చెయ్యి పెట్టు, సెగ కొడ్తది. నడుమ దీన్ని అడ్డం పెడితే ఆ సెగ ఆగుతది. నువ్వు పెనానికే అంటించినవ్!"

రేకుకు ఆనితే వేడి ముట్టుకునే దిగుతుంది, మెరుపుకు పనే ఉండదు. ముందర ఒక అంగుళమైనా గాలి ఉండాలి. అప్పుడే తన మీద పడే సెగలో నూటికి 95 పాళ్ల దాకా వెనక్కి కొడుతుంది. మెరిసే వైపు కిందికి పెట్టాలని కూడా అన్నడు. ఎందుకో నాకు రెండు రోజులు బుర్రకెక్కలేదు. మెరిసే అల్యూమినియం తాను వేడెక్కినా ఆ వేడిని సెగలాగా బయటికి వదలదట. పైగా, పైకి పెడితే దుమ్ము పేరుకుని మెరుపు చస్తుంది.

మొన్న ఇద్దరం కలిసి ఇనుప పైపుల కింద కోళ్ల గూటికి కట్టే జాలీ లాగి కట్టి, దాని మీద ఫాయిల్ పరిచినం. రేకుకూ దీనికీ నడుమ పైపు మందం, రెండు అంగుళాలు. అతుకులకు అల్యూమినియం టేపు. ఫాయిల్‌కు కరెంటు పారుతుందని, పైన వేలాడే వైర్లన్నీ ముందే ప్లాస్టిక్ పైపులోకి ఎక్కించిండు. అది నాకు తట్టనే లేదు.

పోయిన వారం ఇదే వేళకు గోడ మీది థర్మామీటర్ 41 చూపించింది. ఇవాళ 37. చల్లగా ఉందని అనలేను, తలుపు సందులోంచి వడగాలి వస్తూనే ఉంది, కూలర్ తిరగాల్సిందే. కానీ మాడు మీద ఆ మంట లేదు. కూలర్‌లో రెండుసార్లు పోసే నీళ్లు ఇవాళ ఒక్కసారే పోసిన.

రేపటి నుంచి రోహిణి కార్తె. అసలు పరీక్ష అప్పుడు.

ఒక్కటే తంటా. కప్పంతా ఫాయిల్ అయ్యేసరికి గదిలో ఫోన్ సిగ్నల్ సగం పోయింది. 37 అని బామ్మర్దికి చెప్పడానికి చెప్పుల్లేకుండా డాబా మీదికి ఉరికిన, కాళ్లు బొబ్బలెక్కినయి.