గూస్‌బెర్రీ అంటే ఉసిరికాయ కాదట

వైన్ పాఠాలు చెప్పే లండన్ సంస్థ డబ్ల్యూఎస్‌ఈటీ వారి పరీక్షలో రెండో స్థాయి పాసయ్యానని నిన్న సాయంత్రం తెలిసింది. ఉత్త పాసు కాదు, డిస్టింక్షన్. 85 శాతం దాటితేనే అది ఇస్తారు. మా బ్యాంకులో చెబితే "తాగడానికి కూడా పరీక్షా సార్?" అని నవ్వారు. నవ్వనివ్వండి. మూడు రోజుల తరగతుల్లో అంతకన్నా పెద్ద నవ్వులు విని వచ్చాను.

చేరడం తేలిక. డబ్బు కట్టాను, పుస్తకం ఇంటికి వచ్చింది, బంజారాహిల్స్‌లో ఒక హోటల్ హాలు పేరు చెప్పారు. అంతే.

అసలు ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, మన ఊళ్లో 'వైన్స్' అని బోర్డున్న దుకాణంలో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి చివర అడిగితే దుమ్ము పట్టిన పోర్ట్ సీసా ఒకటి తుడిచి చేతిలో పెట్టాడు. దగ్గు మందులా ఉంది. అసలైన పోర్ట్ పోర్చుగల్‌లోని డౌరో లోయదని, ద్రాక్షరసం పులుస్తుండగానే ద్రాక్షసారా కలిపి పులియడాన్ని ఆపేస్తారని, అందుకే తీపి మిగులుతుందని తర్వాత చదువుకున్నాను. ఆ పైన ఒక పెళ్లికి నాసిక్ వెళ్లినప్పుడు తోటలో కూర్చుని షెనిన్ బ్లాంక్ అనే చల్లటి తెల్ల వైన్ తాగాను. ఇక వదల్లేదు.

మొదటి రోజు పదకొండు మందిమి. హోటళ్లలో పనిచేసే పిల్లలు, ఒక ఐటీ జంట, నా పక్క కుర్చీలో ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటలు తిరిగి వచ్చిన పెద్దమనిషి. శిక్షకుడు వేరే నగరం నుంచి వచ్చాడు. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ పోసి, ఒక్కొక్కరినీ నిలబెట్టి ఏ వాసన వస్తోందని అడిగాడు. పుస్తకంలో గూస్‌బెర్రీ అని ఉంది. గూస్‌బెర్రీ అంటే ఉసిరికాయ అని బడిలో నేర్పారు కదా. పీల్చాను, గ్లాసు తిప్పి మళ్లీ పీల్చాను. "ఉసిరికాయ వాసన రావడం లేదండీ. అసలు ఉసిరికాయకు అంత వాసన ఉండదు" అన్నాను. హాలంతా గొల్లుమంది. "మీరు వెతికేది పచ్చడి జాడీలో ఉంటుంది" అన్నాడు శిక్షకుడు. బోర్డో పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు.

యూరప్ గూస్‌బెర్రీ బ్లాక్‌కరెంట్ అనే చిన్న నల్లపండుకు దాయాది. మన ఉసిరికి దానితో ఏ చుట్టరికమూ లేదు. ఈ ఒక్క ముక్క శిక్షకుడు చెబితే పోయేది. చెప్పలేదు. రాత్రి నేనే ఫోనులో వెతికి తెలుసుకున్నాను. ఆ నవ్విన పదిమందిలో ఆ పండు తిన్నవారు ఎందరో నాకు అనుమానమే.

అదే మధ్యాహ్నం కాబెర్నే సావిన్యాన్ అనే ఎర్ర వైన్. బ్లాక్‌కరెంట్ వాసన రావాలట. నాకు తెలిసిన బ్లాక్‌కరెంట్ ఐస్‌క్రీం ఒక్కటే. గ్లాసులో నాకు తగిలింది నేరేడుపండు, అదే చెప్పాను. "పుస్తకంలో వాసనల పట్టికలో ఉన్న మాటలే వాడండి" అన్నాడు శిక్షకుడు. సరేనని నోరు మూసుకున్నాను.

మూసుకున్నందుకు రెండో రోజు శాస్తి జరిగింది. కొన్నేళ్లు నిల్వ ఉన్న రీస్లింగ్ అనే తెల్ల వైన్ పోశారు. ముక్కు దగ్గర పెట్టగానే తాతగారి ఇంట్లో లాంతరు వెలిగించే వేళ గుర్తుకొచ్చింది. కిరసనాయిలు! వైన్‌లో కిరసనాయిలు అంటే ఇక బతకనివ్వరని "నిమ్మకాయ" అని కూర్చున్నాను. అందరి వంతూ అయ్యాక ఆయన గ్లాసెత్తి, నిల్వ రీస్లింగ్‌కు పెట్రోలు వాసన పెద్ద గుర్తు, ఒక్కరైనా పట్టుకోలేదే అని పెదవి విరిచాడు. పట్టుకున్నాను మహానుభావా, నీ భయానికి మింగేశాను! మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ చేరేదాకా నా మీద నాకే ఒళ్లు మండింది.

ద్రాక్ష తొక్కల నుంచి ఎర్ర వైన్‌లోకి దిగే టానిన్ దగ్గర మాత్రం నాదే పైచేయి. అది చేదు కాదు, పులుపు కాదు, చిగుళ్లను పట్టేసేదేదో అని వివరించడానికి ఆయన అరగంట తంటాలు పడ్డాడు. మనకు వగరు అని విడిగా ఒక రుచే ఉంది. ఏటా ఉగాది పచ్చడిలో తింటాం. లేత జామపిందె కొరికినవాడికి ఇంకేమీ చెప్పనక్కరలేదు. ఈ మాట అక్కడ అనలేదు, ఇక్కడ అంటున్నాను.

ఇంట్లో సాధన మొదలుపెట్టాను. బేగంబజారులో లవంగాలు, దాల్చినచెక్క, మిరియాలు కొని టీ గ్లాసుల్లో వేసి, కళ్లకు గంతలు కట్టుకుని వాసన పట్టేవాడిని. మా ఆవిడ గ్లాసులు మార్చి మార్చి ఇస్తూ "ఏమండీ, ఇందులో వంటకేమైనా మిగులుస్తారా?" అనేది. ఒకరోజు న్యూజీలాండ్ సావిన్యాన్ బ్లాంక్ సీసా తీశాను. చుక్క ముట్టని మా అమ్మ పక్క గదిలోంచి వచ్చి "జామకాయలు కోశావేమిటిరా?" అంది. ఆ వైన్‌లో జామ వాసన ఉంటుందని చాలామంది నిపుణులు రాశారు. మా అమ్మ ఏ పుస్తకమూ చదవలేదు.

చేరేవారికి ఒక మాట. ఎర్ర వైన్ గది వేడిలో తాగాలని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఆ గది 15 నుంచి 18 డిగ్రీలది, మే నెలలో మన గది కాదు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. తరగతిలో పోసింది ఉమ్మేయండి. మొహమాటానికి మింగితే నాలుగో గ్లాసుకు అన్నీ ఒకే వాసన.

ఫ్రాన్స్ సీసాల మీద ద్రాక్ష పేరు వేయక ఊరి పేరు వేస్తారని చాలామంది బెదిరిపోతారు. గద్వాల, పోచంపల్లి, వెంకటగిరి అంటే ఏ చీరో మనకు తెలియదా? శాబ్లీ అని ఊరి పేరుంటే షార్డొనే ద్రాక్ష. ఇటలీలో బరోలో అంటే నెబ్బియోలో. మా ఆవిడకు రెండు రోజుల్లో వచ్చేసింది.

పరీక్ష గంటసేపు. 50 ప్రశ్నలు, సరైన జవాబుకు గుర్తు పెట్టడమే, 55 శాతం వస్తే పాసు. గ్లాసు లేదు, సీసా లేదు. నన్ను నిలబెట్టి నవ్వించిన ఆ వాసనల తతంగానికి ఒక్క మార్కు కూడా లేదు!

మూడో స్థాయిలో మాత్రం పేరు చెప్పకుండా రెండు వైన్లు ముందు పెట్టి రాయమంటారు. దానికీ చేరుతున్నాను, ఆయన దగ్గర మాత్రం కాదు.