వరోషా చూడటం సులువే, తిరిగి రావడమే నరకం

నిన్న వరోషా వెళ్లొచ్చాను. కోపం ఇంకా తగ్గలేదు, అందుకే ఇప్పుడే కూర్చుని రాస్తున్నా. సైప్రస్‌లో చదువుకునే, పని చేసుకునే మనవాళ్లు చాలామంది అక్కడికి ఎలా వెళ్లాలని అడుగుతుంటారు. వెళ్లడానికి పెద్ద తతంగమేమీ లేదు. వచ్చేటప్పుడే ఉంది అసలు సంగతి, అదీ చేతిలో మన పాస్‌పోర్ట్ ఉంటే.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. వరోషా అంటే ఫమగుస్తా నగరంలో సముద్రం ఒడ్డున హోటళ్లు ఉండే పేట. 1970ల మొదట్లో సైప్రస్ టూరిజం అంటే ఇదే. 1974 ఆగస్టులో టర్కీ సైన్యం వచ్చిపడుతుంటే ఇక్కడున్న గ్రీకు సైప్రియట్లు కట్టుబట్టలతో వెళ్లిపోయారు. గొడవ సద్దుమణిగాక వచ్చేద్దామనుకున్నవాళ్లే ఎక్కువ. సైన్యం చుట్టూ కంచె వేసేసింది, ఇక ఎవరినీ రానివ్వలేదు. ఆ ఊరి మనుషులు తప్ప వేరేవాళ్లు అక్కడ కాపురం పెట్టడానికి వీల్లేదని 1984లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 550వ తీర్మానంలో తేల్చి చెప్పింది. అప్పట్నుంచి ద్వీపం రెండు ముక్కలు: ఉత్తరం టర్కీ అండతో నడిచే భాగం, వరోషా అందులోనే ఉంది; దక్షిణం మనం ఉండే సైప్రస్ రిపబ్లిక్. 2020 అక్టోబరు నుంచి ఉత్తరం వైపు ప్రభుత్వం కొన్ని రోడ్లు, బీచ్ మాత్రం తెరిచి జనాన్ని రానిస్తోంది.

నేను, నా రూమ్మేట్ పొద్దున్నే లార్నాకా నుంచి బయల్దేరి దెరీనియా దగ్గర ఉత్తరం వైపు దాటాం. 2018లో తెరిచిన క్రాసింగ్ అది. పాస్‌పోర్ట్ చూపించాం, కంప్యూటర్‌లో ఏదో కొట్టారు, ముద్ర కూడా వేయకుండా చేతికిచ్చేశారు. కారు ఉంటే ఉత్తరానికి వేరే ఇన్సూరెన్స్ తీసుకోవాలి, ఇటువైపుది అక్కడ చెల్లదు. వరోషా గేటు దగ్గర టికెట్ లేదు, సైకిళ్లు అద్దెకిస్తారు.

లోపల బిల్డింగుల్లోకి వెళ్లనివ్వరు. రోడ్డుకి రెండు పక్కలా తాడు కట్టారు, తాడు దాటితే గార్డు విజిల్ వేస్తాడు. కూలిపోతాయి కాబట్టి అది న్యాయమే. కొత్తగా వేసిన నల్లటి తారురోడ్డు, దాని మీద సైకిళ్ల మీద నవ్వుకుంటూ పోయే టూరిస్టులు, పక్కనే యాభై ఏళ్లుగా దీపం పెట్టే దిక్కులేని ఇళ్లు. ఒక మూడంతస్తుల ఇంటి ముందు చాలాసేపు ఆగిపోయాను. రెండో అంతస్తు బాల్కనీ ఊచల్లోంచి ఒక చెట్టు కొమ్మ దూసుకొచ్చి, తుప్పుపట్టిన ఊచని తనలోకి కలిపేసుకుని లావెక్కింది. లోపల గోడకి లేతాకుపచ్చ సున్నం ఇంకా కనిపిస్తోంది. ఎవరో ఇష్టపడి ఎంచుకున్న రంగు.

కాస్త దూరంలో ఒక పెద్దావిడ కొడుకు చెయ్యి పట్టుకుని నిలబడింది. మేం ఫోటోలు తీస్తుంటే కొడుకు వచ్చి, ఆ పై కిటికీ మా అమ్మ గది అన్నాడు. వెంటనే ఫోన్ లోపల పెట్టేశాను. మా అవ్వ వాళ్ల ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. 1981లో పోలీసుల్ని పెట్టి ఖాళీ చేయించారట, వందకు పైగా ఊళ్లు. ఎండాకాలం నీళ్లు తగ్గితే మావాళ్లు ఇప్పటికీ వెళ్లి, ఇదిగో మన గడప ఇక్కడ, పశువుల కొట్టం అక్కడ అని చూపిస్తారు. అందుకే చెప్తున్నా, వరోషాకి దెయ్యాల ఊరు అని పేరు పెట్టి వంకర మొహాలతో సెల్ఫీలు దిగేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఆ ఇళ్లకి సొంతదారులున్నారు, కొందరు ఇంకా బతికే ఉన్నారు.

ఇక తిరుగు ప్రయాణం. రూమ్మేట్‌కి పని ఉండి ఇంకో క్రాసింగ్ మీదుగా వచ్చాం. ఏదో పేరు రాయను. మా ముందు తెల్లవాళ్ల కుటుంబం ఒకటి పాస్‌పోర్టులు అలా గాల్లో ఆడించి వెళ్లిపోయింది. మా వంతు వచ్చింది. కౌంటర్‌లో ఉన్న సైప్రస్ రిపబ్లిక్ అధికారి నా పాస్‌పోర్ట్ అట్ట చూశాడు, లోపల తెరవలేదు. నన్ను అడిగిన మొదటి మాట, "ఎర్జాన్‌లో ఎప్పుడు దిగావు?" అని.

ఎర్జాన్ అంటే ఉత్తరం వైపు ఎయిర్‌పోర్ట్. నేను దిగింది లార్నాకాలో. ఎంట్రీ ముద్ర ఉంది, రెసిడెన్స్ పర్మిట్ ఉంది, మనం పింక్ స్లిప్ అంటామే, అది. చూపించాను. కార్డుని లైటుకి అడ్డం పెట్టి చూసి, అంచుని గోటితో గీకాడు. ఊడొస్తుందేమో అన్నట్టు రెండోసారి కూడా గీకాడు. ఉత్తరంలో ఏ యూనివర్సిటీ అన్నాడు. నాది లార్నాకాలో కాలేజీ సార్ అన్నాను. పక్కకి జరిగి నిలబడమన్నాడు.

ఆ పక్కన, వచ్చేపోయే ప్రతివాడూ మమ్మల్ని చూసేచోట, చీకటి పడేదాకా నిలబెట్టారు. బ్యాగ్ బల్ల మీద కుమ్మరించారు. మా రూమ్మేట్‌ని వేరే గదిలోకి తీసుకెళ్లి, నేను ఎప్పట్నుంచి తెలుసు, అద్దె ఎంత, ఇంటి ఓనరు ఎవరు అని అడిగారు. వాడు చిన్నవాడు, "అన్నా, ఇప్పుడు మనల్ని పంపించేస్తారా?" అని గొంతు వణుకుతూ అడిగాడు. నా ఫోన్‌లో ఫోటోలన్నీ తిరగేశారు. అందులో మా అమ్మ, చెల్లి ఫోటోలు కూడా ఉన్నాయి. అదొక్కటీ మాత్రం ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

నేను గొంతు పెంచలేదు. ఉత్తర, దక్షిణాల మధ్య రాకపోకల కోసం యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన 866వ నంబరు నిబంధన ఒకటుంది. బయటి దేశాలవాళ్ల దగ్గర సైప్రస్ రిపబ్లిక్ ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ ఉంటే దాటొచ్చని అందులో ఉంది. బయల్దేరే ముందే చదివి ఫోన్‌లో పెట్టుకున్నా. ఆ పేజీ తెరిచి, నెమ్మదిగా, మర్యాదగా, ఆయనకే చదివి వినిపించాను. మా బ్యాచ్‌లో ఇంకెవరూ ఆ పని చేసి ఉండరు, గర్వంగానే చెప్తున్నా. అప్పుడు ఎవరికో ఫోన్ చేశాడు, పాస్‌పోర్ట్ తెరిచి లార్నాకా ముద్ర చూశాడు, కార్డు బల్ల మీద పడేసి వెళ్లమన్నాడు. సారీ అనే మాటే లేదు.

అసలు వాళ్లకి మన మీద ఈ అనుమానం ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. ఎర్జాన్‌లో దిగి, గ్రీన్ లైన్, అంటే ఉత్తర, దక్షిణాల్ని విడదీసే గీత, దొంగచాటుగా దాటి ఇటు వచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. దీని వెనకున్నది మన ఊళ్లలో ఆఫీసులు తెరుచుకున్న ఏజెంట్లు. సైప్రస్ అంటే యూరప్ అని చెప్పి, లక్షలు గుంజి, ఉత్తరంలో దింపుతారు. 1983లో తనకు తాను దేశమని ప్రకటించుకున్న ఆ ఉత్తర భాగాన్ని టర్కీ తప్ప ఏ దేశమూ గుర్తించలేదన్న సంగతి పిల్లాడికి అక్కడ దిగాక తెలుస్తుంది. ఇల్లు తాకట్టు పెట్టి పంపిన తండ్రికి ఎప్పటికో తెలుస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా సైప్రస్ అంటుంటే ముందు అడగండి, విమానం దిగేది లార్నాకాలోనా, పాఫోస్‌లోనా, ఎర్జాన్‌లోనా అని. ఎర్జాన్ అంటే ఆ ఏజెంట్ ఆఫీసులోంచి లేచి వచ్చేయండి.

ఇటువైపు ఉన్నవాళ్లు వరోషాకి వెళ్లాలంటే ఒరిజినల్ పాస్‌పోర్ట్, ఒరిజినల్ పింక్ స్లిప్ రెండూ ఉండాలి. పర్మిట్ రెన్యువల్‌లో ఉండి చేతిలో రసీదు మాత్రమే ఉంటే వెళ్లకండి, కార్డు వచ్చాక వెళ్లొచ్చు. లార్నాకాలో దిగిన రోజు బోర్డింగ్ పాస్ లేదా టికెట్ ఈమెయిల్ ఫోన్‌లో ఉంచుకోండి. కాలేజీ లెటర్ ఉంటే ఇంకా మంచిది. వెళ్లిన క్రాసింగ్ దగ్గరే తిరిగి రండి, పొద్దున చూసిన ముఖం కాబట్టి గుర్తుపట్టే అవకాశమైనా ఉంటుంది. ఆదివారం సాయంత్రం రద్దీలో అస్సలు వద్దు. మిలిటరీవాళ్లని, ఎర్ర బోర్డులు పెట్టినచోట్లని ఫోటో తీయకండి. ఫోన్ అడుగుతారు, ఇంటి ఫోటోలు వేరే ఫోల్డర్‌లో లాక్ చేసి వెళ్లండి.

కౌంటర్ నంబరు, టైము, ఏమేం అడిగారో అన్నీ రాసి పై అధికారులకి మెయిల్ పెట్టాను, రూమ్మేట్ కూడా సంతకం చేశాడు. జవాబు వస్తే కింద కలుపుతాను.