మన బేజారు, వాళ్ల బీజారీ

వారం రోజులుగా ఒక్క మాట దగ్గరే ఆగిపోయి ఉన్నాను. మన మీద మనకే రోత పుట్టడాన్ని కొలవడానికి 'సెల్ఫ్ డిస్గస్ట్ స్కేల్' అని ఒకటుంది, 2008లో ఓవర్టన్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు తయారుచేశారు. అందులో 18 వాక్యాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఏడు దాకా మార్కు వేయాలి. నిజానికి లెక్కలోకి తీసుకునేవి 12, మిగతా ఆరూ ఈ కాగితం దేని గురించో వెంటనే పసిగట్టకుండా మధ్యలో కలిపినవి. ఈ చిన్న మోసం నాకు భలే నచ్చింది.

దీన్ని ఇరాన్‌లో యూనివర్సిటీ విద్యార్థులకు పర్షియన్‌లో ఇవ్వాలంటే 'డిస్గస్ట్'కి ఏ మాట వాడాలి? నెఫ్రత్ అంటే ద్వేషం, అది వేరే సంగతి. ఎంజెజార్ సరైన మాటే గానీ కాస్త పుస్తకాల భాష. చెందెష్ అంటే బొద్దింకను చూసి ఒళ్లు జలదరించడం లాంటిది. ఇంకోటి బీజారీ. మన బేజారు ఆ ఇంటి మాటే, ఉర్దూ మీదుగా మన దాకా వచ్చేసరికి బాగా చప్పబడింది. మనకి బస్సు రాకపోయినా బేజారే, వాళ్లకేమో అది ఏవగింపు. ఇక మామూలుగా మాట్లాడుకునేటప్పుడు 'హాలమ్ అజ్ ఖోదమ్ బె హమ్ మీఖోరె' అంటారు, అంటే నన్ను తలుచుకుంటే నాకే కడుపులో తిప్పుతోందని. అసలు సరుకు ఇదే, కానీ ఇంత వాడుక మాటను ప్రశ్నపత్రంలో పెట్టాలంటే ఏ ప్రొఫెసరైనా జంకుతాడు.

బ్యాక్ ట్రాన్స్‌లేషన్ ఉంది కదా అంటారు. ఒకరు పర్షియన్‌లోకి మారుస్తారు, ఇంకొకరు మూలం చూడకుండా మళ్లీ ఇంగ్లీషులోకి తెస్తారు. నెఫ్రత్ వాడితే 'హేట్' అని తిరిగొచ్చి దొరికిపోతుంది, నిజమే. ఎంజెజార్ 'డిస్గస్ట్' అనే తిరిగొస్తుంది, అందరూ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు, కానీ పంతొమ్మిదేళ్ల పిల్ల ఆ వాక్యం చదివినప్పుడు కడుపులో ఏమైనా కదిలిందా అన్నది ఎవరూ అడగరు. ఆల్ఫా, అంటే వాక్యాలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతాయో చెప్పే లెక్క, 0.90 వచ్చిందంటారా, అందరూ ఒకే మాటను ఒకేలా తప్పుగా అర్థం చేసుకున్నా వస్తుంది. అందుకే పక్కన సిగ్గు, డిప్రెషన్ స్కేళ్లు కూడా ఇస్తారు, వాటితో చుట్టరికం ఉండాలి గానీ అన్నీ ఒకటే అయిపోకూడదు.

నా అనుమానం ఇంకోటి: తనని తాను మెచ్చుకునే వాక్యాలకి మార్కులు తిరగేసి వేస్తారు, అంటే అక్కడ తక్కువ వేస్తే రోత ఎక్కువని లెక్క. తారోఫ్ అనే మర్యాదలో తనని తాను తగ్గించుకుని మాట్లాడటం మామూలైన చోట, ఆ వాక్యాలకి తక్కువ మార్కు వేస్తే అది రోతా, వినయమా?

ఈ గొడవంతా బుర్రలో పెట్టుకుని మొన్న తెలుగులో నాలుగు వాక్యాలు రాసి హాస్టల్లో ఒక జూనియర్‌కి ఇచ్చా. 'నా మీద నాకే అసహ్యం వేస్తుంది' అన్నదానికి ఆరు వేసింది. నాకు గుండె ఝల్లుమంది, మెల్లగా ఎందుకలా అని అడిగితే, "మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ ఇంకా పోలేదు కదక్కా" అంది. ఆ వాక్యం కొట్టేసి మళ్లీ రాస్తున్నా.