38 అంతస్తులు, ఒక వెనక గేటు

మా కాలనీకి దక్షిణాన ఉన్న గుట్ట మీద ఏదో కడతారని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నదే. 2022 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ బొమ్మ వచ్చేదాకా మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మూడు టవర్లు. ఒక్కోటి 38 అంతస్తులు. నెత్తిన బంగారు రంగు కిరీటం లాంటిది, కింద ఈతకొలను, రాత్రిపూట లైట్లు. బొమ్మను పెద్దది చేసి చూస్తే మా కాలనీ ఉండాల్సిన చోట చెట్లున్నాయి. 140 ఇళ్లు, హనుమంతుడి గుడి, కిరాణా కొట్టు అన్నీ మాయం. "మనల్ని బతికుండగానే అడవి చేసిండ్రు" అని మూలింటి అన్న పెట్టిన మెసేజ్‌కి వచ్చినన్ని నవ్వు బొమ్మలు దసరా శుభాకాంక్షలకి కూడా రావు.

మేముండేది హైదరాబాద్‌లో లింగంపల్లి దాటాక, పడమటి వైపు. 200 గజాల ప్లాట్లు, ఎక్కువ భాగం రెండంతస్తుల ఇళ్లు, 40 అడుగుల రోడ్డు. గుట్టకు అవతలి పక్క 100 అడుగుల రోడ్డు ఉంది. ఆ రోడ్డే ఈ కథకంతా మూలం, కానీ అప్పుడు మాకు తెలియదు.

వారం రోజులు గ్రూపులో ఆ కిరీటం గురించే గొడవ. పెళ్లి కేకులా ఉందని ఒకరు, దుబాయ్‌లా ఉందని ఇంకొకరు (ఇది మెప్పో తిట్టో ఇప్పటికీ తేలలేదు). గజం రేటు పెరుగుతుందని లోలోపల సంతోషించినవాళ్లు కూడా తక్కువేమీ లేరు. ఒక పెద్దాయనైతే "దక్షిణాన ఎత్తుంటే వాస్తుకి మంచిదే కదా" అన్నారు. వీధి చివర ఆంటీకి వడియాల దిగులు. మేడ మీద ఎండ పడకపోతే ఎక్కడ పెట్టుకోవాలని ఆవిడ ప్రశ్న. అందరూ నవ్వారు. నిజానికి ఆ మొత్తం చర్చలో కొలిచి చూడగలిగిన ప్రశ్న అదొక్కటే.

నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కాగితాలంటే భయం లేదు కాబట్టి అసోసియేషన్ మీటింగ్‌లో ఆ పని నా నెత్తిన పడింది. తోడుగా రిటైరైన లెక్కల మాష్టారు వచ్చారు.

మొదట నేను వెతికింది ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు జరుగుతుందని. గనులకూ ఫ్యాక్టరీలకూ షామియానా వేసి, మైకు పెట్టి జనాన్ని అడుగుతారు కదా, దీనికీ అలాగే అడుగుతారని మా నమ్మకం. అక్కడ ఏం మాట్లాడాలో మూలింటి అన్న ఉపన్యాసం కూడా రాసుకున్నాడు. రెండు రాత్రులు కూర్చుని చదివితే తేలిందేమిటంటే, 20,000 చదరపు మీటర్ల నిర్మాణం దాటితే పర్యావరణ అనుమతి తప్పనిసరే, కానీ 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ భవన నిర్మాణ ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. పక్కింటివాళ్లను అడగాలని ఎక్కడా లేదు. ఆ ఉపన్యాసం ఇప్పటికీ ఆయన ఫోన్‌లోనే ఉంది.

రెండో దెబ్బ ఎత్తు విషయంలో తగిలింది. అన్ని అంతస్తులకు పర్మిషన్ ఎలా ఇస్తారు, ఎక్కడో తప్పు జరిగే ఉంటుందని అందరం గట్టిగా అనుకున్నాం. తప్పేమీ లేదు. చాలా నగరాల్లో స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్ఎస్ఐ పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో అది లేదు. ఇక్కడ లెక్కంతా ఎదురుగా ఉన్న రోడ్డు వెడల్పు, స్థలం సైజు, చుట్టూ వదిలే ఖాళీ మీద నడుస్తుంది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168 నంబరు జీవోలో ఆ పట్టిక ఉంది. భవనం 50 మీటర్లు దాటితే 30 మీటర్ల, అంటే దాదాపు 100 అడుగుల, రోడ్డుండాలి, చుట్టూ కనీసం 16 మీటర్లు వదలాలి. అవతల 100 అడుగుల రోడ్డు పడిన రోజే మా పక్కన టవర్లు రావడం ఖాయమైపోయిందన్నమాట. ఆ రోడ్డు వేసినప్పుడు మేము పూలు చల్లినంత పని చేశాం.

ఇక మాష్టారి లెక్క. 38 అంతస్తులంటే 120 మీటర్లనుకున్నాం. హైదరాబాద్ ఉన్నది 17.4 డిగ్రీల అక్షాంశం మీద. డిసెంబరు 21 మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, కాబట్టి నీడ ఉత్తరంగా, అంటే మా వైపు, 104 మీటర్లు పడుతుంది. ఆ రోజు ఉదయం తొమ్మిదింపావుకైతే 208 మీటర్లు, వాయవ్యంగా. వాళ్లు వదిలే ఖాళీ, మా రోడ్డు తీసేస్తే మధ్యాహ్నం నీడ మూడు వరసల ఇళ్లను దాటుతుంది. మాది రెండో వరస.

వేసవి లెక్క వేరు. ఏప్రిల్ మధ్యలో మిట్టమధ్యాహ్నం నీడ 16 మీటర్లే, అది వాళ్ల ఖాళీలోనే పడిపోతుంది. మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు కూడా నీడ ఉండదు. జూన్‌లో మధ్యాహ్నం నీడ అటు దక్షిణానికే పోతుంది. మాష్టారు ఇదంతా ఒక పాత నోట్‌బుక్కులో గీసి, వీధి చివర ఆంటీ ఇంటికెళ్లి, "అమ్మా, మీ వడియాలకు ఢోకా లేదు. సంక్రాంతికి బట్టలు ఆరవు, అంతే" అని చెప్పొచ్చారు. నిజంగా నష్టపోయేది మొదటి రెండు వరసల్లో సోలార్ ప్యానెళ్లు పెట్టుకున్న నాలుగిళ్లవాళ్లు. గ్రూపులో ఒక్క మాటా మాట్లాడనిది కూడా వాళ్లే.

ప్లాన్ సంపాదించడం ఇంకో తిప్పలు. చేతికొచ్చిన బ్రోచర్ మీద రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరే లేదు. రెరాలో రిజిస్టర్ కాకముందు ప్రకటనలివ్వకూడదు, అమ్మకూడదు. ప్రాజెక్టు రిజిస్టరైతే ప్లాన్లు రెరా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు, కానీ అప్పటికి అందులో దాని ఊసే లేదు. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అర్జీ పెడితే ముప్ఫై రోజులకు "మూడో పక్షం సమాచారం", అంటే వేరేవాళ్లది, ఇవ్వలేమని జవాబు. అప్పీలుకు పోయాను. ఈలోగా పర్యావరణ అనుమతుల పరివేశ్ పోర్టల్‌లో బిల్డర్ పెట్టిన అర్జీ, దాని వెంట సైట్ ప్లాన్ దొరికాయి. నన్నడిగితే వెతకడం అక్కడే మొదలుపెట్టాల్సింది.

ఆ ప్లాన్‌ను పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించి భోజనాల బల్ల మీద పరిచాం. టవర్ల వైపు చూడొద్దు, నేల మీద ఏముందో చూడమన్నారు మాష్టారు. అరగంట తర్వాత ఉత్తరపు గోడ దగ్గర చిన్న బాణం గుర్తు కనిపించింది. ఎగ్జిట్. మా 40 అడుగుల రోడ్డులోకి. నాలుగు వందల పైచిలుకు ఫ్లాట్ల కార్లు పొద్దున్నే గుడి ముందు నుంచి, స్కూల్ బస్సు ఆగే మలుపు మీదుగా బయటికి పోతాయన్నమాట. ఇంకా చూస్తే మా వైపు మొదటి నాలుగంతస్తులూ పార్కింగ్ పోడియం, టవర్ల కింద పీఠంలాంటిది. గోడ లేదు, ఊచల్లాంటి లూవర్లే. రాత్రి కార్ల హెడ్‌లైట్లన్నీ మా పడకగదుల్లోకే. జనరేటర్లు కూడా ఇదే మూల.

కిరీటం మీద వారం రోజులు కొట్టుకున్నాం. ఈ బాణం గుర్తు సంగతి ఒక్కరికీ తెలియదు.

అభ్యంతరాల పత్రం మొదటిసారి రాసినప్పుడు 17 పాయింట్లు వచ్చాయి. అందులో పదకొండు కోపం. మాష్టారు ఎర్ర పెన్ను తీసి నాలుగు మిగిల్చారు. వెనక గేటు, లూవర్లు, జనరేటర్లు, బండలు పేల్చే వేళలు. అంతస్తులు తగ్గించాలన్న పాయింటు కొట్టేసినందుకు ప్రెసిడెంట్ గారు అలిగి రెండు మీటింగులకు రాలేదు. "రూల్లో ఉన్నదాన్ని తప్పంటే మిగతా నాలుగూ చదవరండీ" అని మాష్టారి వాదన. నాకూ అదే సబబనిపించింది. సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఒక కాపీ, అనుమతులిచ్చే ఆఫీసులో ఒకటి, ఫైర్ వాళ్లకు ఒకటి ఇచ్చి, మూడింటి మీదా స్టాంపు వేయించుకున్నాం. 112 ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టారు. స్టాంపు పడిన కాపీ చేతిలో ఉంటే ఎదుటివాడి గొంతు కొంచెం మారుతుంది. ఇది ఆఫీసుల చుట్టూ తిరిగాక నేర్చుకున్నాను.

ఆ కాపీ పట్టుకుని బిల్డర్ ఆఫీసుకు వెళ్తే మొదటిసారి కాఫీ ఇచ్చి పంపేశారు. రెండోసారి ఆర్కిటెక్ట్ వచ్చాడు. ముప్ఫై ఏళ్లుండవు. మాష్టారు నీడ లెక్కల నోట్‌బుక్కు తెరవగానే కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సార్, మా సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇంతే వచ్చింది" అన్నాడు. అంటే వాళ్లకు ముందే తెలుసు. ఆ మాటకు కోపం రావాలి, కానీ ఆ గదిలో మాతో నిజం మాట్లాడింది అతనొక్కడే. టవర్లు జరపడం తన చేతిలో లేదని మొహం మీదే చెప్పాడు. గేటు విషయంలో మాత్రం ఒక పట్టు దొరికింది. అంత ఎత్తుకు అనుమతి వచ్చేది 100 అడుగుల రోడ్డును చూపించి, మరి రోజూ కార్లు పంపేది 40 అడుగుల రోడ్డులోకా అని నేనడిగితే, పక్కన కూర్చున్న బిల్డర్ మనిషి ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్లాడు.

మూడు నెలలు, అయిదు మీటింగులు. గేటు మెయిన్ రోడ్డు వైపుకు మారింది. మా వైపు ఎమర్జెన్సీ గేటు ఒకటి ఉంటుంది, తాళంతో. పోడియం లూవర్ల వెనక నాలుగడుగుల ఎత్తు గోడ కడతామన్నారు, హెడ్‌లైట్లకు అడ్డుగా. జనరేటర్లు తూర్పు మూలకు పోయాయి. అంతస్తులు 38కి 38. కిరీటం కూడా అలాగే ఉంది.

మా పత్రంలో లేని ఒక సంగతి చెప్పాలి. ఆ గుట్ట మీద ఒకదానిపై ఒకటి నిలబడిన మూడు బండలుండేవి. పిల్లలు తాబేలు గుండు అనేవాళ్లు. ఈ ప్రాంతపు గ్రానైట్ వయసు 250 కోట్ల ఏళ్లంటారు. మా చిన్నోడు సైకిల్ నేర్చుకుని మొదట వెళ్లింది అక్కడికే. 17 పాయింట్లలో కూడా ఎవరమూ దాని గురించి రాయలేదు. 2023 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఢామ్మని చప్పుడు, వంటింట్లో గిన్నెలు కదిలాయి. సాయంత్రం మేడ ఎక్కి చూస్తే అది లేదు.

ఇప్పుడు మొదటి టవర్ 20 అంతస్తులు దాటింది. మాష్టారు ప్రతి డిసెంబరు 21న మా మేడ మీద సుద్దముక్కతో గీత గీస్తున్నారు. నీడ, అప్పటికి లేచిన అంతస్తులకు ఆయన వేసిన లెక్కకు అటూ ఇటూ అడుగు తేడాతో వస్తోంది, ఆ సంగతి ఆయనకు కొంచెం గర్వంగానే ఉంది. పోయిన నెల పొద్దున్నే వాచ్‌మన్ వచ్చి, "మేడమ్, వెనక గేటు తాళం తీసిండ్రు, టిప్పర్లు మన రోడ్డు మీదికెళ్లే పోతున్నయ్" అన్నాడు. బీరువాలోంచి స్టాంపు పడిన కాపీ తీసి జిరాక్స్ తీయించాను. మాష్టారు చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు.