పలక దిగుతుంది, గొట్టం ఎక్కుతుంది

మన బడి సంగీతం గదిలో కిటికీ పక్కనున్న మరింబా నలుగురు కలిసి వాయించడానికి పెట్టింది. వరసగా పేర్చిన చెక్క పలకలను మేలెట్లతో, అంటే తలకట్టున్న పుల్లలతో, కొట్టే వాయిద్యమిది; ఒక్కో పలక కింద దాని మోతను పెంచే గొట్టం ఉంటుంది. గ్వాటెమాలాలో పెద్ద మరింబా దగ్గర నలుగురు, చిన్నదాని దగ్గర ముగ్గురు నిలబడే పద్ధతి ఉంది. మే నెల కలయికలో పాత బ్యాచ్‌లవాళ్ళు మళ్ళీ మేలెట్లు పట్టుకుంటామంటున్నారు గనక, సంగీతం అయ్యవారు చేయిపట్టి నేర్పినవాటిలో ఇప్పుడు పనికొచ్చేవి రాస్తున్నాను.

ముందు నెల్లూరు ఎండ సంగతి. చెక్క వేడెక్కితే బిగువు తగ్గి పలక స్వరం కొద్దిగా దిగుతుంది. కింద గొట్టంలో గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరిగి గొట్టం స్వరం ఎక్కుతుంది. 25 డిగ్రీల్లో సరిచేసిన గొట్టం 40 డిగ్రీల్లో, ఒక స్వరస్థానానికీ పక్కదానికీ ఉన్న ఎడంలో దాదాపు సగం పైకి పోతుంది. పలకా గొట్టం కలవకపోతే అపశ్రుతి వినపడదు, మోతలో నిండుదనం పోతుంది. వాయించేవాళ్ళు మేలెట్‌ని అనుమానించి ఇంకా గట్టిగా కొడతారు, అదే పొరపాటు. గొట్టాల అడుగున గుడ్డ చుట్టిన చెక్క బిళ్ళలు కదిలేలా పెట్టింది ఇందుకే. 440 హెర్ట్జ్ పలకకు 63 మి.మీ. పీవీసీ గొట్టం లోతు సుమారు 18 సెం.మీ.; ఎండలో బిళ్ళను 5 మి.మీ. కిందికి జరపాలి. 131 హెర్ట్జ్ మంద్రం గొట్టానికైతే 17 మి.మీ. దాకా జరపాలి. పలక కొడుతూ బిళ్ళ జరుపుతుంటే శబ్దం ఒక్కసారి పొంగే చోటు తెలిసిపోతుంది. చెవిని నమ్మండి, స్కేలు తర్వాత.

పలకను చెక్కి సరిచేయడానికి మాత్రం మే నెల కూడా మంచిదే, కార్తీకం కాదు. ఆ నెల వానల్లో చెక్క తేమ పీల్చి స్వరం దిగి ఉంటుంది. అప్పుడు సరిచేస్తే ఎండిన తర్వాత ఎక్కి కూర్చుంటుంది.

పగిలిన పలకల బదులు కొత్తవి కావాలంటే బాగా ఆరిన వేగిస చెక్క చూడండి. మరింబాలకు వాడే ఆఫ్రికా పడౌక్, మన వెలిగొండల వేగిస, ఎర్రచందనం మూడూ టెరోకార్పస్ ప్రజాతివే. ఎర్రచందనం ఎంత దగ్గర్లో ఉన్నా అటవీశాఖ అనుమతి లేకుండా దాని జోలికి పోకూడదు. పలకను వేలాడదీసే తాడు రంధ్రాలు దాని పొడవులో 22.4 శాతం దగ్గర పడాలి. అంటే 36 సెం.మీ. పలకకు ఒక్కో కొస నుంచి 8 సెం.మీ. పలక మీద మెత్తుప్పు చల్లి మెల్లగా కొడితే ఉప్పు జరిగి, పలక కదలని ఆ చోటే గీతలా పోగవుతుంది, కళ్ళుప్పయితే దొర్లిపోతుంది. రంధ్రం ఆ గీత తప్పితే తాడే మోతను మింగేస్తుంది.

పలక అడుగున మధ్యలో ఆకురాయి పెడితే స్వరం దిగుతుంది, కొసల్లో పెడితే కాస్త ఎక్కుతుంది. మధ్యలో అతిగా చెక్కితే కొసలు దాన్ని పూర్తిగా పూడ్చలేవు, అందుకే చివర్లో గరుకు కాగితమే వాడాలి. మధ్యన వేలు ఆనించి కొస దగ్గర కొడితే పై స్వరం ఒక్కటే వినపడుతుంది. అది అసలు స్వరానికి నాలుగు రెట్లు, అంటే రెండు స్థాయిలు పైన ఉండాలి. జైలోఫోన్‌లో మామూలుగా మూడు రెట్లకు పెడతారు, అందుకే దాని గొంతు వేరు.

ఇక పాట. మరింబా గమకం, అంటే స్వరాన్ని ఊపడం, పలకదు, కాబట్టి గమకాలే ప్రాణమైన తోడి రాగం వద్దు. ముత్తుస్వామి దీక్షితర్ పాశ్చాత్య బాణీలకు కట్టిన నొట్టుస్వరాలు శంకరాభరణం రాగంలో, బ్యాండు వరసల్లో తిన్నగా నడుస్తాయి. మనకు అవే తగినవి. మొదటి మనిషి వరస, రెండో మనిషి దానికింది తోడు వరస, మూడో మనిషి ఖాళీల్లో పడే స్వరాలు, నాలుగో మనిషి మంద్రం. మంద్రానికి లావుగా ఉన్ని చుట్టిన మెత్తటి మేలెట్లే వాడాలి. గట్టివి పెడితే చప్పుడే తప్ప స్వరం రాదు, పలక కూడా పగలొచ్చు. నిలుపు స్వరాన్ని రెండు చేతులతో మార్చి మార్చి కొడుతూ దొర్లించేటప్పుడు నలుగురూ ఒకే వేగం పట్టకండి. మంద్రం ఎక్కువసేపు మోగుతుంది గనక నిదానంగా, తారం త్వరగా ఆరుతుంది గనక జోరుగా దొర్లించాలి.

ఎత్తుగడ మూడో మనిషిది. లెక్క పైకి చెప్పనక్కర్లేదు. పాట వేగంలోనే మేలెట్లు ఒక్క అక్షరం కాలం పైకి లేపి దించితే మిగతా ముగ్గురూ అందుకుంటారు. మేలెట్లు ముట్టుకోకముందు బల్ల మీద ఉత్త చేతులతో, నోటితో తకధిమి అంటూ నాలుగు భాగాలూ రెండు రోజులు నడపండి.