నడుము నొప్పి సర్వీసు వల్లే వచ్చిందని ఒప్పించడానికి

సైన్యంలో ఆర్టిలరీ (ఫిరంగి దళం)లో గన్నర్‌గా చేశాను. 155 ఎంఎం షెల్ ఒక్కోటి 40 కిలోల పైనే ఉంటుంది. కొండ మీద చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే దాన్ని పొట్టకు ఆనించుకుని లేపి గన్ దాకా మోయాలి. నా నడుము అక్కడే పట్టేసింది. ఎంఐ రూమ్‌లో (యూనిట్ చిన్న ఆసుపత్రి) మాత్రలిచ్చి పంపేవారు. యూనిట్ పీస్ స్టేషన్‌కి (సరిహద్దుకు దూరంగా ఉండే మామూలు కంటోన్మెంటు) వచ్చాకే ఎమ్మారై తీశారు. నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5 పూసల మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది. ఎడమకాలు పిక్క నుంచి బొటనవేలి దాకా తిమ్మిరి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు.

సర్వీసు నుంచి పంపేముందు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు నా వైకల్యం 20 శాతం, జీవితాంతం అని రాసింది. పక్క గడిలో మాత్రం 'సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసులో ముదిరిందీ కాదు' అని పెట్టారు. పీస్ స్టేషన్‌లో మొదలైందట! దాంతో డిజేబిలిటీ పెన్షన్ (వైకల్య పెన్షన్) రాలేదు.

మనవాళ్లు చాలామంది శాతం పెంచమని అప్పీలు రాస్తారు. నన్నడిగితే పోరాడాల్సింది ఆ గడి మీద. 20 నుంచి 50 లోపు ఎంతున్నా, పెన్షన్ కోసం శాతాన్ని పై అంకెకు పెంచే రౌండింగ్ ఆఫ్‌లో 50 కిందే లెక్క. సర్వీసు పూర్తిచేసి రిటైరైనవాళ్లకూ అది వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ గడి మారకపోతే ఎంత శాతం ఉన్నా పైసా రాదు. (నాది పాత రూల్స్ కేసు. 2023 సెప్టెంబరు తర్వాత రిటైరైనవాళ్లకు రూల్స్ మారాయి, అవి విడిగా చూసుకోవాలి.)

ఆరు నెలల గడువులోపే మొదటి అప్పీలు వేశాను. కొట్టేశారు. రెండోదీ అంతే. ఇక సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్లాను. మన రెండు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచి కిందికి వస్తాయి. వకీలు గారు ఎమ్మారై పక్కన పెట్టి, ముందు భర్తీనాటి మెడికల్ కాగితం అడిగారు. అందులో నేను అన్నిటా ఫిట్. చేరేటప్పుడు రికార్డులో జబ్బు లేకపోతే తర్వాత వచ్చింది సర్వీసు వల్లేనని భావించాలి, కాదంటే ప్రభుత్వమే నిరూపించాలి, బోర్డు కారణాలు రాయాలి అని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా వాదనకు అదే పునాది.

ఆర్టీఐ పెట్టి తెప్పించుకున్న పాత సిక్ రిపోర్టు (ఒంట్లో బాగోలేదని చూపించుకున్నప్పటి కాగితం) రెండో ఆధారం. డాక్టరు గీకిన ఒకే ఒక్క లైను: బరువు ఎత్తడంతో నడుము నొప్పి. తేదీ చూస్తే మేం ఫీల్డ్‌లో, అంటే ఆ కొండ మీద ఉన్నప్పటిది. పీస్ స్టేషన్ మాట ఇక నిలబడలేదు.

20ని 50 చేసి ఇవ్వమని ఆర్డరు వచ్చింది. సవరించిన పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్ స్పర్శ్‌లో కనిపించిన రోజు మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. ఆలస్యంగా కేసు వేసినవాళ్లలో చాలామందికి బకాయిలు కేసుకు ముందు మూడేళ్లకే ఇచ్చారు, కాబట్టి నానబెట్టకండి. ఇంటికి రాబోతున్న తమ్ముళ్లూ, బోర్డు ప్రొసీడింగ్స్, సిక్ రిపోర్టుల కాపీలు చేతికందాకే యూనిట్ గేటు దాటండి.